పాప ఒక్కతే ఉండగలదు, మరి తమ్ముణ్ణి కూడా చూసుకోవాలా?

హైదరాబాద్ మియాపూర్ నుంచి ఒక తల్లి రాశారు. పేరు వేయవద్దన్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఆమె అమీర్‌పేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఆయన సేల్స్‌లో ఉన్నారు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పాపకు 11 ఏళ్లు, ఆరో తరగతి. బాబుకు 7 ఏళ్లు, రెండో తరగతి. స్కూలు బస్సు సాయంత్రం 4.10కి దించుతుంది, తల్లి ఇంటికి వచ్చేది 6.45కి. ఇన్నాళ్లూ ఆ రెండున్నర గంటలూ అత్తగారు చూసుకున్నారు. మామగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలవడంతో ఆవిడ గుంటూరు వెళ్లిపోయారు. ఇప్పట్లో రాలేరు.

అప్పటినుంచి పిల్లలిద్దరూ ఇంటికి దగ్గర్లోని డే కేర్‌లో ఉంటున్నారు. పాపకు అది అసలు నచ్చడం లేదు. "అక్కడందరూ చిన్నపిల్లలే, నన్ను కూడా పడుకోమంటారు" అని రోజూ గొడవ. పోయిన నెల ఒకరోజు డే కేర్ ఆవిడకు ఒంట్లో బాగోలేక మూసేశారు. ఆమెకు ఆఫీసులో సెలవు దొరకలేదు. "నేను తమ్ముణ్ణి చూసుకుంటానమ్మా" అంది పాప. ఆమె సాయంత్రం వచ్చేసరికి ఇల్లు సర్ది ఉంది, బాబు స్నానం అయిపోయింది, పాలు కూడా కాచి ఇచ్చింది. తల్లి పొంగిపోయారు. రెండు రోజుల తర్వాత ఎదురింటావిడ ఇంకో సంగతి చెప్పారు. ఆ రోజు బెల్ మోగితే బాబు పరుగెత్తి తలుపు తీశాడట. కొరియర్ అతను హాల్లోకి వచ్చి నిలబడ్డాడట. పాప అప్పుడు వంటింట్లో స్టవ్ దగ్గరుంది. ఎందుకు చెప్పలేదని అడిగితే "చెబితే మళ్లీ డే కేర్‌కి పంపిస్తావుగా" అని ఏడ్చింది.

భర్త "ఆ వయసులో నేను ఊళ్లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి, పిల్లకు ధైర్యం రావాలంటే వదలాలి" అంటున్నారు. అత్తగారు ఫోన్‌లో "ఆడపిల్ల ఉన్న ఇల్లు, ఉద్యోగం మానెయ్యమ్మా" అంటున్నారు. ఫ్లాట్ లోన్ ఇంకా చాలా ఉంది. ఆమె అడిగినవి రెండు: పిల్లల్ని ఏ వయసు నుంచి ఒంటరిగా వదలొచ్చు? డబ్బు కోసం పిల్లల్ని పణంగా పెడుతున్నానా?

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. కాదు. బడి నాలుగింటికి వదిలి, ఆఫీసు ఆరింటికి వదిలే ఊళ్లో తల్లిదండ్రులిద్దరూ పనికెళ్లే ప్రతి ఇంట్లోనూ ఈ ఖాళీ ఉంది. అంగన్‌వాడీలు ఆరేళ్ల లోపు పిల్లలకు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది అంతకు మించి పనిచేసే చోట ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు, అది కూడా ఎక్కువగా చంటిపిల్లలకే అక్కరకొస్తుంది. బడికెళ్లే పిల్లల సాయంత్రాలను ఇళ్లలో అమ్మమ్మలూ నానమ్మలూ మోస్తూ వచ్చారు. మీ అత్తగారు వెళ్లాక ఆ బరువు ఒక్కసారిగా మీ మీద పడింది. దాన్ని మీ స్వార్థం కింద లెక్క వేసుకోకండి.

ఇక వయసు. మన దేశంలో ఫలానా ఏడు నిండితే పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా ఉంచవచ్చని ఏ చట్టమూ చెప్పలేదు. 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఒకటుంది. పిల్లల బాధ్యత ఉన్నవాళ్లు వాళ్లను కావాలని నిర్లక్ష్యం చేసి అనవసరమైన బాధకు గురిచేస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చంటుంది. ముందుచూపుతో ఏర్పాటు చేసుకుని పనికెళ్లే తల్లి గురించి రాసింది కాదది. బ్రిటన్‌లో కూడా చట్టం వయసు చెప్పదు. కానీ అక్కడ పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌ఎస్‌పీసీసీ సంస్థ, 12 ఏళ్ల లోపు పిల్లల్లో ఎక్కువసేపు ఒంటరిగా ఉండేంత పరిణతి అరుదు అంటుంది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో మాత్రం స్పష్టమైన చట్టముంది. మనవాళ్లు చాలామంది అక్కడ ఉన్నారు కాబట్టి మీ బంధువుల్లో ఎవరికైనా తెలిసే ఉంటుంది. ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. వాళ్లను అప్పగించి వెళ్లే మనిషికి కనీసం 13 ఏళ్లుండాలి.

ఆ చట్టం మనకు వర్తించదు. అయినా ఎందుకు చెప్పానంటే, అందులో రెండు వయసులున్నాయి. తనను తాను చూసుకోవడానికి ఒక వయసు, ఇంకో చిన్నపిల్లను చూసుకోవడానికి అంతకంటే పెద్ద వయసు. మీ ఇంట్లో ఈ రెండూ ఒకే ప్రశ్నగా కలిసిపోయాయి. "పాప ఇంట్లో ఉండగలదా" అని మీరు అడుగుతున్నారు. ఆ రోజు పాప చేసిన పని మాత్రం "ఏడేళ్ల పిల్లాడికి రెండున్నర గంటలు తల్లిగా ఉండటం". స్నానం చేయించడం, పాలు కాయడం, తలుపు కాపలా, అల్లరి అదుపు, అన్నీ ఒకేసారి. మీరే చెప్పండి, మీరు స్టవ్ దగ్గరుండగా బాబు పరుగెత్తి తలుపు తీయడం మీకు మాత్రం జరగదా? ఆ రోజు పాప తప్పేమీ చేయలేదు. ఇద్దరు మనుషుల పని ఒక్క పిల్ల చేసింది.

అందుకే బాబు తలుపు తీయడం కంటే, పాప ఆ సంగతి దాచిపెట్టడం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తలుపు సంగతి నేర్పితే వస్తుంది. ఒంటరిగా ఉండే పిల్లకు అన్నిటికంటే అవసరమైనది, తేడాగా ఏదైనా జరిగితే వెంటనే ఫోన్ చేసి "అమ్మా, ఇలా అయింది" అనగలగడం. మీ పాపకు ఆ రోజు నిజం చెబితే శిక్ష పడుతుందనిపించింది. పైగా తన తప్పుకు కాదు, తమ్ముడి తప్పుకు. ఇంట్లో ఉండనివ్వడమూ మానడమూ "ఏమీ జరగకపోవడం" మీద ఆధారపడితే, ఏమీ జరగలేదనే ఆమె ప్రతిరోజూ చెబుతుంది. ఈ ముడి ముందు విప్పాలి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ రోజు జరిగింది నీ తప్పు కాదు, అంత పని నీ ఒక్కదాని మీద పెట్టడం సరికాదు. నువ్వు చెప్పిన దేనికీ నిన్ను డే కేర్‌కి పంపించను. చెప్పకపోతే మాత్రం నాకు భయమేస్తుంది" అని చెప్పండి. ఆ మాట మీద నిలబడండి. మొదటిసారి ఆమె ఏదో చెప్పినప్పుడు మీ ముఖం ఎలా మారుతుందో ఆమె గమనిస్తుంది.

మీవారి మాటలో నిజం లేకపోలేదు. నమ్మితేనే పిల్లలు ఎదుగుతారు. కానీ ఆయన ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు వీధి తలుపు తీసే ఉండేది. అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునేవారు. పక్కింటి పిన్ని పిలవకుండానే వచ్చి "అన్నం తిన్నావురా" అని అడిగేది. ఇంట్లో ఒక్కడే అయినా వీధిలో ఒక్కడు కాదు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో తలుపు వేసుకుంటే లోపలేం జరుగుతోందో ఎదురింటికి కూడా తెలియదు. ఆయన చిన్నతనంలో ఊరు దానంతటదే ఇచ్చిన ఆసరాను ఇప్పుడు మీరిద్దరూ అడిగి, మాట్లాడి, ఏర్పాటు చేసుకోవాలి. ఇంకో మాట కూడా అనాలి. మీ ఉత్తరమంతా మీ ఆఫీసు వేళలు, మీ సెలవులు, మీ ఉద్యోగం గురించే ఉంది. ఆయన వేళల ప్రస్తావన ఒక్కచోటే వచ్చింది, అదీ మారని విషయంగా. వారంలో రెండు రోజులు ఆయన తిరగాల్సిన చోట్లు ఉదయం ముందే మొదలుపెట్టి ఐదింటికి ఇల్లు చేరగలరా? ఈ ప్రశ్న ఆయన్ను ఎవరైనా అడిగారా?

మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి.

పాపను ఇంట్లో ఉంచి, బాబును మాత్రం డే కేర్‌లో కొనసాగించడం ఒకటి. పాప కోరిక తీరుతుంది, ఖర్చు తగ్గుతుంది, ఆమె బాధ్యత తనవరకే ఉంటుంది. చిక్కులూ ఉన్నాయి. బాబు "అక్కకేమో ఇల్లు, నాకేమో ఇది" అని పేచీ పెడతాడు. ఆఫీసు నుంచి వస్తూ మీరు అతన్ని తెచ్చుకోవాలి, ఆ కాసేపు పాప ఒంటరితనం ఇంకొంచెం పెరుగుతుంది. "దారిలోనే కదా, పాప వెళ్లి తమ్ముణ్ణి తీసుకొస్తుంది" అనే ఆలోచన రాకుండా ఉండదు. అది మొదలైతే మళ్లీ మొదటికే వస్తాం.

ఇద్దర్నీ ఇంట్లోనే ఉంచి, నాలుగు నుంచి ఏడు వరకు ఒక పెద్ద మనిషిని పెట్టుకోవడం రెండోది. మీ ఇంట్లో వంటకో పనికో వచ్చే ఆవిడ నమ్మకస్తురాలైతే ఆమె వేళ సాయంత్రానికి మార్చవచ్చు. అపార్ట్‌మెంట్‌లో మీలాంటి తల్లులు ఇంకొందరు తప్పకుండా ఉంటారు. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకరింట్లో పిల్లలందరినీ ఉంచి ఒక మనిషిని పెట్టుకుంటే ఖర్చూ పంచుకోవచ్చు, పిల్లలకు ఆటకు తోడూ దొరుకుతుంది. కొత్త మనిషైతే ఆధార్ కాపీ తీసుకోవడంతో సరిపెట్టకండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. మొదటి రెండు వారాలు మీరు సెలవు పెట్టో ఇంటి నుంచి పనిచేసో పక్కనుండి చూడండి. ఆమె ఒకరోజు రాకపోతే ఏం చేయాలో ముందే అనుకోండి, ఎందుకంటే డే కేర్ విషయంలో మీ ఇంట్లో జరిగింది అదే.

ఈ విద్యాసంవత్సరం అయ్యేదాకా ఇద్దర్నీ డే కేర్‌లోనే ఉంచి, పాపను మెల్లగా అలవాటు చేయడం మూడోది. ఇది నిదానమైన దారి. ఆమెకు అవమానంగా అనిపించే ప్రమాదం ఉంది. అప్పుడు డే కేర్ ఆవిడతో మాట్లాడి, ఆమెను పడుకోమనకుండా, ఒక మూల కూర్చుని హోంవర్కో బొమ్మలో వేసుకోనివ్వమని అడగండి. వారంలో రెండు రోజులు ఏ సంగీతం క్లాసుకో కరాటే క్లాసుకో పంపితే రోజూ డే కేర్ అన్న బాధ కొంత తగ్గుతుంది.

ఇక ఉద్యోగం మానడం. అదీ ఒక దారే, దాన్ని చిన్నచూపు చూడను. మీకే ఇష్టముండి, లోన్ కట్టే దారి ఉంటే ఆలోచించండి. కానీ పాపకు ఇంకో రెండు మూడేళ్లలో, బాబుకు ఐదారేళ్లలో తీరిపోయే అవసరం కోసం, మళ్లీ దొరకడం కష్టమయ్యే ఉద్యోగాన్ని వదలుకోవడం పెద్ద నిర్ణయం. అంతకుముందు ఆఫీసులో గంట ముందు వచ్చి గంట ముందు వెళ్లడం, వారంలో ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయడం రాతపూర్వకంగా అడిగి చూడండి. అకౌంట్స్ పనిలో నెలాఖరు, మార్చి ముగింపు మినహాయిస్తే ఇది సాధ్యమే కావచ్చు. మీ అత్తగారి మాటను కోపంగా తీసుకోకండి. ఒక పక్క భర్త డయాలసిస్ చూసుకుంటూ మనవల్ని వదిలి వచ్చానన్న బెంగతో ఆవిడ అంటున్న మాట అది. రోజూ నాలుగున్నరకు ఆవిడ పిల్లలకు వీడియో కాల్ చేసి పది నిమిషాలు మాట్లాడితే ఇద్దరికీ మేలు. అది కాపలా కిందకు రాదు, కానీ సాయంత్రం అంత బోసిగా ఉండదు.

నన్ను అడిగితే మొదటి దారికీ మూడో దారికీ మధ్యలో నడవమంటాను. బాబు డే కేర్‌లోనే ఉండాలి. పాప మొదట వారానికి ఒక రోజు ఇంట్లో ఉండాలి, అది బాగా జరిగితే రెండు రోజులు.

ఆ ఒక్క రోజుకూ సాధన కావాలి. మొదట మీరు కూరగాయలకు వెళ్లే పావుగంట, తర్వాత ఆదివారం సాయంత్రం ఒక గంట, మీరు కింద పార్కులో ఉండగా. తిరిగొచ్చాక "భయం వేసిందా" అని అడగకండి, "ఏమేం చేశావు" అని అడగండి. భయం ఉంటే ఆ కబుర్లలోనే బయటపడుతుంది. కొందరు పిల్లలకు దొంగల భయం ఉండదు, ఇల్లు నిశ్శబ్దంగా ఉండటమే భయం. డిసెంబరులో హైదరాబాద్‌లో ఆరు కాకముందే చీకటి పడుతుంది. మీరొచ్చేది 6.45కి. ఎండాకాలం సాయంత్రం బాగా ఉన్న పిల్ల చలికాలంలో బెంబేలెత్తవచ్చు. కాబట్టి ఒకసారి కుదిరింది కదా అని వదిలేయకండి. మధ్యమధ్యలో అడుగుతూ ఉండండి. "ఇక వద్దు" అనే హక్కు ఆమెకు ఎప్పుడూ ఉండాలి.

సూచనలు మీరు చెప్పడం కంటే ఆమెతో చెప్పించండి. తాళంచెవి పోతే? కరెంటు పోయి లిఫ్ట్ ఆగితే? ఎవరో వచ్చి "మీ అమ్మకు యాక్సిడెంట్ అయింది, రా" అంటే? మీరు ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేస్తుంది? ఆమె జవాబులు వింటే ఆమె ఎంతవరకు సిద్ధంగా ఉందో మీకే తెలిసిపోతుంది. ఒకరోజు ఆమెకు ముందే చెప్పి, కావాలనే ఫోన్ ఎత్తకుండా ఉండి చూడండి. మెట్రోలో నలిగిపోతూ ఉన్నప్పుడు మీకు ఫోన్ వినపడని రోజు రాకమానదు. మీ కుటుంబానికి మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఆ మాట చెప్పలేనివాళ్లతో ఎక్కడికీ వెళ్లకూడదు. తలుపు ఎవరికీ తీయకూడదు, తెలిసినవాళ్లకు కూడా. ఈ చివరి మాట మన ఇళ్లలో చెప్పడం కష్టం, బాబాయి వస్తే తలుపు తీయకపోతే మర్యాద కాదనుకుంటాం. కానీ పిల్లలపై జరిగే లైంగిక నేరాల్లో అత్యధికం తెలిసినవాళ్ల వల్లే జరుగుతున్నాయని జాతీయ నేర గణాంకాలు ఏటా చూపుతున్నాయి. "అమ్మ ఫోన్‌లో సరే అంటేనే" అన్న ఒక్క నియమం చాలు. నొచ్చుకున్న బంధువులకు మీరు సర్దిచెప్పుకోండి, ఆ పని పాపకు పెట్టకండి.

స్టవ్ మాత్రం వద్దు. ఉదయం వెళ్తూ రెగ్యులేటర్ కట్టేయండి. అటుకులు, అరటిపండు, డబ్బాలో జంతికలు, పెరుగన్నం, ఏదైనా సరే, వేడి చేయనక్కరలేనివే ఉంచండి. గ్యాస్ వాసన వస్తే లైటు, ఫ్యాను స్విచ్ ముట్టుకోకూడదు, వేయకూడదు, ఆపకూడదు. తలుపు తెరిచి బయటికి వెళ్లి ఎదురింటివాళ్లకు చెప్పాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. లీకేజీకి ఫోన్ 1906, అత్యవసరమేదైనా 112, అంబులెన్స్ 108, పిల్లల సహాయానికి 1098. వీటిని తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, కానీ వాటికంటే పైన ఎదురింటివారి నంబరు ఉండాలి. మొదట చేరుకోగలిగేది వాళ్లే. ఆవిడకు "కాస్త చూస్తుండండి" అని పైపైన చెప్పి ఊరుకోకండి. ఏ రోజుల్లో, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా పాప ఒక్కతే ఉంటుందో చెప్పి, ఆ సమయంలో ఆవిడ ఇంట్లో ఉంటారా అని అడిగి, మారు తాళంచెవి ఇవ్వండి. మీరు అడగకుండానే తలుపు సంగతి గమనించి మీకు చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడ మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

చాలామంది తల్లులు మర్చిపోయే విషయం ఒకటుంది. పాపకు పదకొండేళ్లు. మొదటి నెలసరి మీరు ఇంట్లో లేని సాయంత్రం రావచ్చు. ముందే అన్నీ చెప్పి ఉంచండి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించండి, ఎక్కడున్నాయో చెప్పండి. అది జబ్బు కాదని, మీకు ఫోన్ చేయడానికి సిగ్గుపడనక్కరలేదని తెలిస్తే ఆ రెండు గంటలు ఆమె బాత్‌రూమ్‌లో ఏడుస్తూ కూర్చోదు.

ఆఖరుగా క్యాలెండర్ గురించి. ఇప్పుడు మీరు ఆలోచిస్తున్నది రెండున్నర గంటల గురించి. తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వస్తారు. ఆ తర్వాత జూన్ దాకా వేసవి సెలవులు. ఒంటిపూట బడులప్పుడు అది ఆరేడు గంటలవుతుంది, సెలవుల్లో రోజంతా. ఎండకు, ఆకలికి, విసుగుకు ఆ గంటలు ఏ పదకొండేళ్ల పిల్లకూ ఒంటరిగా గడిపేవి కావు. సాయంత్రాలు బాగా గడిచాయి కదా అని ఆ ఏర్పాటునే వేసవికి సాగదీయకండి. పిల్లలు కొన్ని వారాలు గుంటూరులో ఉండగలరా, అత్తగారి మీద ఆ భారం వేయవచ్చా, మీ అక్కచెల్లెళ్లెవరైనా రాగలరా, మీవారూ మీరూ సెలవులు వంతులవారీగా పెట్టగలరా అన్నది సంక్రాంతి లోపే మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ లెక్క వేసేటప్పుడు పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.